మోకాళ్ళ దాకా నాన్న

బిరూట్‌కి ఎనిమిదేళ్ళు.
నేను పుట్టకముందూ ఎనిమిదే,
నాకు పళ్ళూడినప్పుడూ ఎనిమిదే.
ఇప్పుడు నాకు నలభై ఆరు, చలికాలం వేళ్ళు పట్టేస్తాయి,
వాడు మాత్రం అదే చారల చొక్కా, జేబులో అదే బొంగరం.
షార్లెరువా స్టేషన్ దుకాణంలో
గురువారం గురువారం ఇరవై ఫ్రాంకులకు అమ్మిన పిల్లాడు.
ముందు నాకు అన్న,
ఒక్క ఏడాది కవల,
ఆ తర్వాత తమ్ముడు.

వాడికీ ఒక నాన్న ఉండేవాడు,
మోకాళ్ళ దాకా.
ఇస్త్రీ నలగని పాంటు, గోధుమరంగు బూట్లు,
గడప మీద ఆనిన గొడుగు కొస.
గడి పైగీత దగ్గర మనిషి తెగిపోయేవాడు,
మాట మాత్రం బుడగలో దిగొచ్చేది:
"పోనీలే బిరూట్, పగిలింది కప్పే కదా!"

మా ఇంట్లో కప్పు పగిలితే
అమ్మ ముందు పైకి చూసేది, తర్వాత నా వైపు.
మేడగదిలో ఎలుక గోడ గీకినట్టు పాళీ చప్పుడు.
నాన్న గురువారంతో పరుగుపందెంలో ఉన్నాడు.
బిరూట్‌ని ఓదార్చే పనిలో ఉన్నాడు.

కుళ్ళుకున్నాను, దాచడమెందుకు.
ఒకసారి కత్తెర తీసుకుని వాడి చెవి కోసేశాను.
నాన్న ఆ కాగితం కేసి చాలాసేపు చూశాడు.
వెనక అతుకు వేసి, చెవి మీద కట్టు గీశాడు.
ఆ వారం దేశమంతా పిల్లలు
బిరూట్‌కి ఏమైందని ఉత్తరాలు రాశారు.
నన్ను తిట్టలేదు.
తిట్టినా బాగుండును.

నాన్న మొహం ఎందుకు వెయ్యరని కూడా రాసేవాళ్ళు.
"గడిలో చోటు చాలదు" అనేవాడు సంపాదకుడితో.
ఒక్క రాత్రి, జునిపర్ సారా మూడో గ్లాసు మీద, అమ్మతో అన్నాడు:
తెల్లారకముందే గనికి పోయేవాడు మా నాన్న,
నేను నిద్రపోయాక వచ్చేవాడు.
బల్ల కింద దాక్కుని మేలుకున్న రోజున చూశాను,
పాంటు, బూట్లు, బొగ్గు.
ఆఖర్న పెట్టె మూత తియ్యనివ్వలేదు.
అంతవరకే నాకు తెలుసు.
మెట్ల మీద నేనున్నానని ఆయనకి తెలీదు.

ఇప్పుడు చెయ్యి వణుకుతోంది ఆయనకి.
రెండేళ్ళుగా పెన్సిలు ఆయనది, సిరా నాది.
ఆఖరి పేజీ వచ్చింది.
ఆరో గడి కింద రాసి ఉంది:
నాన్న వంగి బిరూట్ బూటు లేసు కడతాడు.
వంగితే తల గడిలోకి రాక తప్పదు.
గడి తెల్లగా ఉంది, ఒక్క చుక్కైనా లేదు.

కిటికీ దగ్గర ఆపిల్ ముక్కలు కోసుకుంటున్నాడు.
ఎదురుగా బొగ్గుకుప్ప, దాని మీద ఎవరూ నాటని బర్చ్ చెట్లు.
"మొహం?" అన్నాను.
"నీకు తెలుసుగా" అన్నాడు, కత్తి ఆపకుండా.

నాకేం తెలుసు!
మీసం పెట్టాను, తీశాను. ముక్కు మార్చాను.
తాతగారి గుర్తింపుకార్డు ఫోటో ముందు పెట్టుకున్నాను.
చెరిపి చెరిపి కాగితానికి నూగు లేచింది.
మూడింటప్పుడు గుర్తొచ్చింది,
పాలగ్లాసుతో మేడగది గుమ్మంలో నిలబడి
నేను రోజూ చూసింది ఏమిటో.
మొహం కాదు.
బల్ల మీదికి వంగిన మాడు.
రెండు సుళ్ళు.
పాళీతో గోక్కున్న చోట ఒక నీలిచార.

అదే గీశాను.
మాడు మన వైపు, చేతులు లేసు మీద.
మొహం ఉంది, బిరూట్ వైపు.
వాడొక్కడే చూస్తున్నాడు.

పొద్దున భూతద్దం పెట్టి చూశాడు.
సుళ్ళ గురించి ఏమీ అనలేదు.
తల తడుముకున్నాడంతే.
"ముడి తప్పు వేశావు," అన్నాడు కాసేపటికి,
"రెండు చుట్లు తిప్పి కట్టేవాడు."

ఎవరని నేనడగలేదు.
సిరాబుడ్డి మూత తీసి పాళీ అందించాను.
గీత వణికింది.
అలాగే అచ్చుకు పంపాను.